చెవిలో ఈల, చేతిలో కురిడీ

కుక్కర్ దించమని మూడుసార్లు కేకేశాను. ఎవరూ కదల్లేదు. మూడో కేకకి మా ఆయన వెంకన్నబాబు భుజం మీది గోనెసంచి కింద పడేసి, నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

"ఎక్కడి కుక్కరే? ఇది కాయల కొట్టు. మనిల్లు అర కిలోమీటరు అవతలుంది."

"మరి ఈల వేస్తంది కదండీ. మీకు వినపడట్లేదా?"

ఆయన చెవి ఒగ్గి విన్నారు. కొట్లో కాయల మీది పీచు డొక్క ఒలుస్తున్న నలుగురూ పని ఆపి విన్నారు. ఎవరికీ ఏమీ వినపడలేదు. నాకు మాత్రం ఇడ్లీపాత్ర మూత సందులోంచి ఆవిరి తప్పించుకుంటున్నట్టు ఎడమ చెవిలో ఒకటే సన్నటి ఈల. చెవి మూసుకుంటే తగ్గకపోగా ఇంకా పెరిగింది. కుక్కర్ నా లోపలే ఉందని అప్పుడు అర్థమైంది.

నా పేరు వీరవేణి. మాది కోనసీమలో కొబ్బరి తోటల మధ్య ఇళ్ళు కనపడని ఊరు. మా దగ్గర ముదిరిన కాయను ఏడాది పాటు అటక మీద ఉంచుతారు. లోపలి నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్పను వదిలేసి గుండులా తయారై, ఊపితే గటగటలాడుతుంది. అదే కురిడీ. అది బాగా ఆరిందా, ఇంకా తడి ఉందా, కుళ్ళిందా అన్నది కాయ పగలగొట్టకుండా చెప్పాలి. చెవి దగ్గర ఊపి చెప్పాలి. మా కొట్లో ఆ పని నాది. బాగున్న కాయ కుడి పక్కకి, తడి కాయ ఎడమ పక్కకి, కుళ్ళింది వెనక్కి. రాశి పూర్తయ్యాక పీట మీంచి లేచి "ఇది నా చెవి మాట" అంటాను. ఆ మాట మీద రైతూ కొనేవాడూ నోరెత్తరు.

అయితే దానికో కట్టుబాటు ఉంది. చెవి మాట తప్పిందని ఏ రైతైనా పది కాయలు కొట్టి చూపిస్తే, ఆ మాట చెప్పిన మనిషి పీట దిగిపోవాలి. పీట లాగేసే హక్కూ నష్టపోయిన రైతుదే, మళ్ళీ వేసే హక్కూ ఆ రైతుదే. మా అత్తగారు ముప్ఫై రెండేళ్ళు ఆ పీట మీద కూర్చున్నారు. నేను పంతొమ్మిదేళ్ళుగా కూర్చుంటున్నాను. చదువా, సంధ్యా? ఊళ్ళో నాకంటూ ఓ విలువ ఉందంటే ఆ పీట వల్లే. అలాంటి దాని చెవిలో ఈల మోగితే గుండె జారదా మరి?

ఊరంతా వైద్యులైపోయారు. వెల్లుల్లి కాచిన నూనె ఒకరు పోశారు. చీమ దూరిందని ఒకరు బ్యాటరీ లైటు వేసి వెతికారు. పట్నంలో చెవి డాక్టరు అన్నీ చూసి, నరం అరిగిందనీ, ప్రమాదం లేదనీ, అలవాటు చేసుకోమనీ చెప్పాడు. అలవాటు చేసుకోవడానికి అదేమన్నా కొత్త కోడలా అని నేనడిగితే, ఆయన నవ్వి తర్వాతి మనిషిని పిలిచాడు.

అలవాటు చేసుకునే ప్రయత్నం చెయ్యలేదనకండి. రేడియోలో ఏ స్టేషనూ రాని చోట ముల్లు ఆపి, ఆ బుసబుస పక్కన కూర్చుని కూరలు తరిగాను. నీళ్ళ మోటారు వేసి దాని పక్కనే బట్టలు ఉతికాను. బేరింగు పోయిన పాత ఫ్యాను మా ఆయన అటక మీంచి దింపి, దాని కటకట నాకు జోల అన్నారు. ఆయనకన్నీ వేళాకోళాలే. "ఈ వయసులో మా ఆవిడకి ఎవరో ఈల వేస్తన్నారండి, పట్టుకుందామంటే దొరకట్లేదు" అని టీకొట్టు దగ్గర చెప్పుకుని నవ్వేవారు. నాకు ఒళ్ళు మండేది. కాయలు మాత్రం తప్పు లేకుండా చెప్పేదాన్ని, ఒక్కో కాయ ఐదుసార్లు ఊపి. ఊపి ఊపి సాయంత్రానికి తల ప్రాణం తోకకొచ్చేది.

బస్సు వెనకాల అంటించిన కాగితం చదివింది కూడా ఆయనే. దారిలో దొరికిన ప్రతి కాగితమూ చదివే జబ్బు ఆయనకి. చెవిలో మోత ఉన్నవాళ్ళకి కాకినాడలో కొత్త పరికరం పరీక్షిస్తున్నారనీ, ఇరవై మంది కావాలనీ దాని సారాంశం. ఇరవయ్యో మనిషిగా నన్ను తీసుకున్నారు.

ఆ పరిశోధనశాల సముద్రం వైపు ఓ రెండంతస్తుల మేడ. డాక్టరు కౌముది గారికి నలభై లోపే ఉంటుంది. జుట్టు ముడిలో పెన్ను గుచ్చుకుని, అదే పెన్ను కోసం బల్లంతా వెతుకుతూ ఉంటుంది. నన్ను కూర్చోబెట్టి, చెవులకి గిన్నెల్లాంటివి తగిలించి, ఓ పెట్టెకున్న మర తిప్పడం మొదలుపెట్టింది.

"మీ చెవిలో మోతకి సరిగ్గా సరిపోయే చప్పుడు వెతుకుదాం అమ్మా. ఇదా?"

"కాదండి. ఇంకా సన్నం."

"ఇదా?"

"సన్నమేగానండి, ఇందులో గరగర ఉంది. నాది నున్నగా ఉంటాది."

ఆవిడ మర వెంట్రుకవాసి తిప్పింది. నేను చెయ్యెత్తాను. బయటి ఈల, లోపలి ఈల ఒకదాని మీద ఒకటి అతికినట్టు కూర్చున్నాయి.

"దీనికి మామూలుగా రెండు గంటలు పడుతుంది. మీకు పది నిమిషాల్లో తేలిపోయింది. సంగీతం నేర్చుకున్నారా?"

"కాయలు ఊపుతానండి, ఆయ్."

డాక్టరమ్మకి ఆ సమాధానం అర్థం కాలేదు. ఆ గిన్నెలు తీసి మా ఆయన చెవులకి పెట్టింది. ఇంట్లోవాళ్ళు ఒకసారి వినాలట, అది వాళ్ళ పద్ధతట. ఆయన పెట్టుకునేటప్పుడు నవ్వుతూనే ఉన్నారు. పావు నిమిషానికి నవ్వు ఆగింది. నిమిషానికి తీసి బల్ల మీద పెట్టేశారు.

"ఇదేనా? రోజంతా ఇదేనా వేణీ?"

"నిద్దట్లో తప్ప."

ఆయన నా వంక చూడలేకపోయారు. తలకున్న తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు. "నేనేదో నీరసానికి అంటున్నావనుకున్నానే. టీకొట్టు కాడ అందరికీ చెప్పి నవ్వేను" అన్నారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయన నాకు క్షమాపణ చెప్పడం అదే మొదలు. అది కూడా సూటిగా చెప్పలేదనుకోండి, అయినా నాకు కడుపు నిండిపోయింది.

తర్వాత డాక్టరమ్మ చొక్కా గుండీ అంత బిళ్ళ ఒకటి తెచ్చి నా చెవి వెనక అంటించింది. వాళ్ళు దాన్ని మూత అంటారు. "ఇందాక పట్టుకున్న చప్పుడుంది చూశారూ, అది ఒక్కటీ లేదనుకోమని ఈ మూత మీ మెదడుకి చెబుతూ ఉంటుంది" అని బిళ్ళ నొక్కింది.

ఈల ఆగిపోయింది.

ఎలా చెప్పను? డాక్టరమ్మ గాజులు వినపడ్డాయి. బయట కాకి. గోడ అవతల సముద్రం. మా ఆయన చెప్పులు నేలకి రాసుకుంటున్నాయి. నేను పకపకా నవ్వాను. నవ్వుతూనే ఏడ్చాను. నాలుగు నెలల తర్వాత నా తల నాకు తిరిగొచ్చింది.

నలభై రోజులు తియ్యకూడదనీ, వారానికోసారి వచ్చి ఎలా ఉందో చెప్పాలనీ, ఇరవై మందికీ బాగుంటే దేశమంతా ఇస్తారనీ డాక్టరమ్మ చెప్పింది. బయట వరండాలో ఓ పెద్దాయన కాజాల పొట్లం విప్పి కనపడ్డవాళ్ళందరికీ పంచుతున్నాడు. గవర్రాజు మాస్టారట. హైస్కూల్లో హెడ్మాస్టరుగా చేసి దిగిపోయారు. తొమ్మిదేళ్ళుగా రెండు చెవుల్లోనూ మోతట. మూత పెట్టి నాలుగు రోజులైందట.

"నిన్న పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివానమ్మా. తొమ్మిదేళ్ళ తర్వాత. పెళ్ళి ప్రకటనలు కూడా వదల్లేదు" అన్నారాయన. ఆయన మొహంలో సంతోషం చూసి మా ఆయన రెండు కాజాలు తీసుకున్నారు.

ఆ తర్వాత పన్నెండు రోజులూ మా ఇంట్లో పండగే. పోపులో ఆవాలు చిటపటలాడితే వినడానికని పోపు రెండుసార్లు పెట్టాను. పనసపొట్టు కూర వండి వీధి మొత్తానికీ పంచాను. పాత ఫ్యాను అటకెక్కింది. "తిట్లు బాగా తగ్గిపోయాయే, నాకు తోచట్లేదు" అని మా ఆయన ఫిర్యాదు చేస్తే, ఆ లోటు అక్కడికక్కడే తీర్చాను.

కొట్లో పని కూడా హాయిగా సాగుతోందనుకున్నాను. కాకపోతే ఆ పది పన్నెండు రోజుల్లో వచ్చిన రాశుల్లో తడి కాయలు ఎక్కువగా కనపడ్డాయి. మొన్నటి వానలకి అటకలు చెమ్మగిల్లాయి కాబోలనుకున్నాను. వానల్ని అన్నానే గానీ నన్ను నేను అనుమానించలేదు, అదీ నా తలపొగరు.

పన్నెండో రోజు కాసులమ్మ కాయలు తెచ్చింది. కాసులమ్మకి అరెకరం తోట. మొగుడు పోయాక చెట్లెక్కేవాణ్ణి పిలవడం దగ్గర్నుంచి అటక సర్దుకోవడం దాకా అన్నీ ఒక్కతే చూసుకుంటుంది. దాని కాయ ఏనాడూ వంక పెట్టేలా ఉండదు. ఆ రోజు మాత్రం నేను ఏ కాయ ఊపినా చప్పగా, మందంగా వినిపించింది. రాశిలో మూడొంతులు ఎడమ పక్కకి వేశాను.

"ఇంకా తడి ఉంది కాసులూ. ఇంకో రెండు నెలలు అటకెక్కించు. ఇది నా చెవి మాట" అన్నాను.

కాసులమ్మ మొహం మాడిపోయింది. కొట్టు యజమాని సత్తిరాజు గారు, "ఏమ్మా, ఈసారి తొందరపడ్డావా" అన్నారు నలుగురిలో. కాసులమ్మ కాయలు బండికెక్కించుకుని వెళ్ళిపోయింది. ఉత్తరాదికి వెళ్ళే లారీ దాని కాయలు లేకుండానే కదిలింది.

మర్నాడు పొద్దున్న కొట్టు తీసేసరికి కాసులమ్మ వాకిట్లో కూర్చుని ఉంది. ముందు పది కాయలు, చేతిలో కత్తి.

నన్ను చూస్తూనే మొదటి కాయ కొట్టింది. చిప్ప రెండుగా విడిపోయి, లోపలి గుండు బయటికి దొర్లింది. తెల్లగా, నున్నగా, మచ్చ లేకుండా ఉంది. రెండోది కొట్టింది. మూడోది. పదీ అలాగే ఉన్నాయి. చివరి గుండులోంచి ఓ ముక్క కోసి నా చేతిలో పెట్టింది.

"తిని చెప్పు వదినా. తడి ఎక్కడుందో."

నోట్లో పెట్టుకుంటే నూనె ఊరి తియ్యగా కరిగింది. అంత మంచి కురిడీ ఆ ఏడాది నేను తినలేదు. కాసులమ్మ లోపలికెళ్ళి నా పీట తీసి గోడకి ఆనించింది.

"లారీ పోయినందుక్కాదు. నలుగుర్లోనూ నన్ను పచ్చికాయలు తెచ్చినదాన్ని చేసేవు" అంది.

"తప్పు నాదే" అన్నాను. చచ్చినంత సిగ్గేసింది.

అందరూ నన్నే చూస్తున్నారు. మా ఆయన నా పక్కకొచ్చి నిలబడ్డారు. నేను కాసులమ్మ బండిలోంచి ఓ కాయ తీసి చెవి దగ్గర ఊపాను. గట గట, మందంగా. కళ్ళ ముందు పగిలినవన్నీ పక్కా కురిడీలే. చెవి మాత్రం తడి అంటోంది. మంచి కాయ ఊపితే ఆ గటగట పైన ఒక సన్నటి మోత ఉంటుంది. పంతొమ్మిదేళ్ళుగా నేను తీర్పు చెప్పేది దాన్ని బట్టే. ఆ మోత ఏమైంది?

అప్పుడు తట్టింది. నా చెవిలో ఈలా, మంచి కాయ మోతా ఒకే శ్రుతిలో, ఒకే చోట ఉంటాయి. మూత ఈలని మూసింది. ఈలతో పాటు దాన్నీ మూసేసింది.

చెవి వెనక చెయ్యి పెట్టి బిళ్ళ పీకేశాను.

"నలభై రోజులన్నారు కదే" అని మా ఆయన చెయ్యి పట్టుకోబోయారు. అప్పటికే ఈల వచ్చేసింది, అద్దె కట్టకుండా ఇల్లు ఆక్రమించుకునే మనిషిలా దర్జాగా. ఏడుపొచ్చింది. ఆ ఏడుపులోనే కాసులమ్మ కాయ మళ్ళీ ఊపాను. గటగటా, దాని మీద సన్నటి మోతా, రెండూ వినపడ్డాయి. పదిసార్లు ఊపి కాయ దించాను.

ఈల లేదు.

బిళ్ళ నా అరచేతిలో ఉంది. అయినా ఈల లేదు. లోపల లెక్కపెట్టుకున్నాను. ముప్ఫై దాకా నిశ్శబ్దం. ఆ తర్వాత మెల్లగా వచ్చింది. మళ్ళీ ఊపాను. మళ్ళీ ఆగింది. కొట్లో మూలనున్న తడి కాయ ఒకటి తెప్పించి ఊపాను. ఈల అలాగే ఉంది. కుళ్ళిన కాయ ఊపాను. దానికీ ఆగలేదు. మంచి కాయకి ఆగింది.

నేను నవ్వడం మొదలుపెట్టాను. నా వల్ల బేరం పోయిన మనిషి ఎదురుగా నవ్వితే ఎవరైనా పిచ్చెక్కిందనుకుంటారు. మా ఆయన కూడా అనుకున్నారట, తర్వాత చెప్పారు.

"నా కళ్ళకి తువ్వాలు కట్టండి. కలిపేసి ఇవ్వండి" అన్నాను.

కట్టారు. ఆయన ఒక్కో కాయ చేతికిస్తే నేను ఊపి, ఈల ఆగితే మంచిదన్నాను, ఆగకపోతే కాదన్నాను. కాసులమ్మ ఒక్కోటీ కొట్టి చూసింది. పన్నెండు కాయలు. ఒక్కటీ తప్పలేదు. ఇదివరకు ఐదుసార్లకే ఆపి అవస్థపడి చెప్పేదాన్ని, పదిసార్లు ఊపితే ఇప్పుడు ఈలే చెబుతోంది.

సత్తిరాజు గారు ముక్కున వేలేసుకున్నారు. "నీ చెవికి వంకలేదు వీరవేణీ. గానీ పీట కాసులమ్మ వెయ్యాలి. అది మన పద్ధతి" అన్నారు. కాసులమ్మ కత్తి తుడుచుకుని, పీట వంక చూడకుండా బండెక్కింది.

ఆ మధ్యాహ్నమే కాకినాడ బస్సెక్కాం. డాక్టరమ్మ నా చెవి వెనక ఖాళీ చూసి నిట్టూర్చింది. నేను జరిగింది చెప్పి, బిళ్ళ బల్ల మీద పెట్టి, సంచిలోంచి కాయ తీశాను. ఆవిడ మళ్ళీ బిళ్ళ అంటించి, కళ్ళు మూసుకోమని, పెట్టెలోంచి నా చప్పుడు వినిపించింది. నాకేమీ వినపడలేదు. చప్పుడు పెంచింది. అప్పటికీ లేదు. పక్కనున్న మా ఆయన మాత్రం చెవులు మూసుకున్నారు.

డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది.

"ప్రతివారం అందరి వినికిడీ పరీక్షించాను. ఆ ఒక్క చప్పుడు తప్ప. మోత ఉన్న చోట పరీక్షిస్తే జవాబు కలగాపులగం అవుతుందని దాన్ని వదిలేశాను. తప్పు అక్కడే జరిగింది."

తర్వాత ఫోను తీసింది. ఇరవై మందినీ మూతలు తీసెయ్యమని చెప్పింది. ఎవరికి ఏది వినపడటం లేదో ఎవరికి తెలుసు? ఒకరికి రోడ్డు మీద హారన్ కావచ్చు, ఒకరికి ఇంట్లో పిల్ల కేక కావచ్చు అంది. ఆ మాట విన్నాక ఆవిడ మీద నాకు గౌరవం కలిగింది. మూడేళ్ళ పని అది, ఒక్క ఫోనుతో ఆపేసింది.

అప్పుడే గవర్రాజు మాస్టారు వచ్చారు. ఆ రోజు ఆయన వారం వారం వచ్చి చూపించుకునే రోజు. సంగతి తెలిసి, బిళ్ళ తియ్యనివ్వలేదు. చివరికి తనే తీసి, బెంచీ మీద కూర్చుని, రెండు చేతుల్తో తల పట్టుకున్నారు.

"తొమ్మిదేళ్ళమ్మా. మధ్యలో పదహారు రోజులు మనిషిలా బతికాను. మీ కాయల కోసం నా ప్రాణం తీశారు" అన్నారు నాతో.

ఆయనన్నది అన్యాయం కాదు. నేను చెప్పకుండా ఊరుకుంటే ఆయన ఇవాళ కూడా పేపరు చదువుకుంటూ ఉండేవారు. చేతిలో కాయ ఆయన చెవి దగ్గర ఊపాను. తల అడ్డంగా ఆడించారు. ఆయన మోతకీ ఈ కాయకీ సంబంధం లేదు.

"డాక్టరమ్మా, మాస్టారి మోత నాకోసారి వినిపించండి" అన్నాను.

విన్నాను. నా ఈల కంటే బాగా కిందిది, కాస్త ముక్కుతో పలికే మోత. ఒక్కసారి వింటే చాలు నాకు. "వీరు మా కొట్టుకి రావాలండి. కాయ అక్కడుంటుంది" అన్నాను.

డాక్టరమ్మ నా చేతిలో కాయ తీసుకుని తన చెవి దగ్గర ఊపుకుంది. ఒక నవ్వు మొదలైంది ఆవిడ మొహంలో. "మెదడు ఖాళీ దొరికిన చోట ఈల వేసుకుంటోంది. అదే చోట నిజమైన చప్పుడు వినపడితే కాసేపు ఊరుకుంటోంది. నేను దాని నోరు నొక్కేశాను వీరవేణి గారూ. మీ కాయ దాన్ని పలకరిస్తోంది. మిగతా పంతొమ్మిది మందినీ తీసుకొస్తాను" అంది. పెన్ను కోసం వెతికింది. జుట్టులో ఉందని చెప్పాను.

ఆదివారం పదిగంటలకి మా కొట్టు ముందు వ్యాను ఆగింది. మాస్టారూ, ఆయన వెనకాల పద్దెనిమిది మందీ, పెట్టె పట్టుకుని డాక్టరమ్మా దిగారు. ఊరు ఊరంతా వచ్చేసింది. ఎవరింట్లో అటక మీద ఏ కాయలున్నాయో అవన్నీ తెచ్చి రాశులు పోశారు. సన్నకాయలు, పెద్దకాయలు, మందం చిప్పవి, పల్చటివి. మా ఆయన అందరికీ మజ్జిగ పోస్తూ, వచ్చినవాళ్ళని వరసగా కూర్చోబెడుతూ, పెళ్ళివారింటి పెద్దలా తిరుగుతున్నారు. కాసులమ్మ కూడా వచ్చింది. రాశి పోసి దూరంగా నిలబడింది.

నా పీట గోడకే ఆనించి ఉంది. నేను దాని వంక చూడలేదు. వంగుని, లేచి, ఒక్కో కాయ తీసి ఊపుతున్నాను. మాస్టారి మోత నా మనసులో ఉంది. దానికి దగ్గరగా పలికే కాయ కావాలి, చిప్ప మందంగా, గుండు కాస్త చిన్నగా ఉన్నది. మొదటి గంటలో ఒకటి దొరికింది. మాస్టారి చెవి దగ్గర ఊపాను. "లేదు" అన్నారు. ఇంకో గంటకి ఇంకోటి. "తగ్గినట్టుంది. కాదు కాదు, లేదు" అన్నారు. ఎండెక్కింది. మోకాళ్ళు పీకేస్తున్నాయి. నడుం పట్టుకుని వంగుతుంటే మా ఆయన సైగ చేశారు, కాసేపు ఆగమని. ఆయన మాటలు నేనెప్పుడు విన్నాను గనక?

డాక్టరమ్మ పక్కకొచ్చి మెల్లగా అంది, "ఇవాళ దొరక్కపోయినా పరవాలేదమ్మా. నేను పెట్టెతో తయారుచేసే మార్గం ఆలోచిస్తాను."

"ఎన్నాళ్ళు పడతాదండి?"

"ఏడాది."

మాస్టారు విననట్టు నేల చూస్తున్నారు. నేను కాసులమ్మ రాశి దగ్గరికి నడిచాను. నేను తడి అని వెనక్కి పంపిన కాయలవి. వాటి మీద చెయ్యి వెయ్యడానికి కూడా మొహం చెల్లలేదు. "తియ్యొచ్చా కాసులూ?" అని అడిగాను. అది తల ఊపింది.

ఇరవయ్యో కాయో, ఇరవై ఐదో కాయో ఊపగానే తెలిసింది. ఇదే. మళ్ళీ ఊపలేదు. పరీక్షించలేదు. మాస్టారి దగ్గరికి వెళ్ళి, ఎడమ చెవి దగ్గర పదిసార్లు, కుడి చెవి దగ్గర పదిసార్లు ఊపి, ఆపాను.

ఆయన కదల్లేదు. మా ఆయన మజ్జిగ చెంబు గాల్లో అలాగే ఆగిపోయింది. కాసేపటికి మాస్టారు వేలెత్తి తోట వైపు చూపించారు.

"అదిగో, ఎవరో కాయలు దింపుతున్నారు. దూరంగా. పడుతున్న చప్పుడు" అన్నారు. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవడం లేదు. డాక్టరమ్మ గడియారం చూస్తోంది. నిమిషం. రెండు. నాలుగో నిమిషం కూడా దాటింది.

"వచ్చేసింది" అన్నారు ఆయన చివరికి. నవ్వుతూ అన్నారు. "వస్తే రానివ్వండి. ఆ కాయ ఇలా ఇవ్వండమ్మా."

తనే ఊపుకున్నారు. ఆగింది. మళ్ళీ వచ్చింది, మళ్ళీ ఊపుకున్నారు. ఆటబొమ్మ దొరికిన పిల్లాడిలా ఆ పెద్దాయన కాయ వదలడు. పక్కవాళ్ళు నాకు చూడండి అంటే నాకు చూడండని లేచి నిలబడ్డారు. నేను తర్వాతి కాయ కోసం రాశి మీదికి వంగాను.

కింద ఏదో నా కాలికి తగిలింది. చూస్తే పీట. కాసులమ్మ దాన్ని రాశి ముందు సరిగ్గా వేసి, కొంగుతో దుమ్ము తుడుస్తోంది.

"కూర్చో వదినా" అంది. "ఇంకా పద్దెనిమిది మందున్నారు."